అందరూ కలిసి నొక్కిన ఎంటర్

మా కొండల మీదికి ఏ వస్తువు వచ్చినా దాని అట్టపెట్టె ముందు దాచిపెట్టమంటారు, మళ్ళీ తీసుకుపోయేటప్పుడు పనికొస్తుందని. ఈ సంగతి నాకు చిన్నప్పుడే తెలిసింది. అందుకే ఖాళీ అట్టపెట్టె కంటపడితే ఇప్పటికీ నాకు ఒళ్ళు మండుతుంది.

తొంభైల మొదట్లో హుకుంపేట వైపు ఆడపిల్లల హాస్టలు స్కూల్లో నేను చదువుకుంటున్నప్పుడు ఒక సూక్ష్మదర్శిని వచ్చింది. బీరువాలో పెట్టి తాళం వేశారు. అద్దం తలుపు వెనక అది మెడ వంచుకుని నిలబడి ఉండేది. మేం ఒకరి తర్వాత ఒకరం వెళ్ళి అద్దానికి ముక్కు ఆనించి చూసి వచ్చేవాళ్ళం. ఉల్లిపొరని దాని కింద పెడితే గదులు గదులుగా కనిపిస్తుందని పుస్తకంలో ఉంది. ఒక్కసారి చూపించండి అని నేను అడిగితే, "పగిలితే మీ అయ్య కొనిస్తాడా?" అన్నారు. మరుసటేడు ఎవరో ఆఫీసరు వచ్చి, దీనికి ఇక్కడ వాడకం లేదని తేల్చి, అదే అట్టపెట్టెలో పెట్టించి కిందికి పంపించేశాడు. కింద అంటే ఘాటు రోడ్డు దిగాక వచ్చే మైదానం. మాకు రాజ్యాలన్నీ అక్కడే ఉంటాయి. వాడకం లేదట! తాళం మీ దగ్గర పెట్టుకుని వాడలేదని మమ్మల్ని అంటారా? ఆ రోజు నేను అన్నం ముట్టలేదు. ఎందుకు తినలేదని ఎవరూ అడగలేదు కూడా.

రెండువేల సంవత్సరం దాటాక అదే స్కూలుకి సైన్సు టీచరుగా తిరిగి వచ్చాను. నేను చేరిన కొన్నాళ్ళకి విశాఖపట్నంలో ఏదో ఆఫీసు వాడి వదిలేసిన కంప్యూటర్లు లారీలో వచ్చాయి, అట్టపెట్టెలతో సహా. లారీ దిగుతుండగానే మా హెడ్‌మిస్ట్రెస్ వరండాలోంచి కేకేసింది, "పెట్టెలు జాగ్రత్తమ్మా, చింపకండి!" అని. సాయంత్రానికి ఆ పెట్టెలన్నీ కాళ్ళతో తొక్కి వంటగదిలో పొయ్యికి ఇచ్చేశాను.

"ఏమ్మా, నీకేమైనా పిచ్చా?" అని ఆవిడ తల పట్టుకుంది.

"ఇవి వెనక్కి వెళ్ళవు మేడమ్. వెళ్ళనప్పుడు పెట్టెలెందుకు?"

అలా అన్నానే గాని, మొదటి ఏడాది గడిచేసరికి నా మాట నాకే వెక్కిరింతయింది. కింద నుంచి వచ్చిన మెకానిక్కు ఒక కాపీ సీడీ పట్టుకుని అన్నింట్లోనూ అదే విండోస్ వేసి వెళ్ళాడు. ఆయన తెచ్చిన ఫ్లాపీలతోనే వైరస్ కూడా వచ్చింది. ఇక కరెంటు సంగతి చెప్పక్కర్లేదు. కొండ మీద గట్టిగా గాలి వీస్తే చాలు, పోతుంది. పోయి వచ్చిన ప్రతిసారీ ఒక్కో కంప్యూటరు లేవనని మొరాయించేది. వానాకాలం సగమయ్యేసరికి చాలా వాటిల్లో హార్డ్ డిస్కులు పోయాయి. మెకానిక్కుకి కబురు పెడితే ఘాట్‌లో కొండ విరిగి పడిందని ఒకసారి, బస్సు లేదని ఒకసారి తప్పించుకుని, చివరికి ఏ కారణమూ చెప్పకుండానే రావడం మానేశాడు. మా పిల్లలు మాత్రం శుక్రవారం శుక్రవారం ఆ గది ఊడ్చి, కీబోర్డులు తుడిచి, మళ్ళీ గుడ్డలు కప్పేవాళ్ళు. వాళ్ళు అలా కప్పుతుంటే నాకు ఆ బీరువా గుర్తొచ్చేది.

ఆ సమయంలోనే స్కూళ్ళ కంప్యూటర్లు చూసుకునే ఆఫీసరు వచ్చాడు. చెడ్డవాడు కాదు. చెప్పులు బయట వదిలి లోపలికి వచ్చాడు, పిల్లల్ని తిన్నారా అని అడిగాడు. గుడ్డలు ఎత్తి చూసి నిట్టూర్చాడు.

"మేడమ్, చలికాలంలో మళ్ళీ వస్తాను. అప్పటికి పిల్లలు వీటి మీద పని చేస్తూ కనబడితే ఇక్కడే ఉంటాయి. లేదంటే వ్యాను తెస్తాను. కింద స్కూళ్ళు అడుగుతున్నాయి, నేనేం చెయ్యను?"

"పని చేస్తారు," అన్నాను. ఎలా చేస్తారో నాకు తెలీదు. హెడ్‌మిస్ట్రెస్ నా వైపు చూసిన చూపు కూడా అదే అడిగింది.

మా తమ్ముడు అప్పట్లో విశాఖపట్నంలో ఒక ఇంటర్నెట్ సెంటర్లో పని చేసేవాడు. ఆ ఆదివారం అరకు వెళ్ళి ఎస్టీడీ బూత్ నుంచి వాడికి ఫోన్ చేశాను.

"ఇంకేటుందక్కా, విండోసే మళ్ళీ ఏసెయ్," అన్నాడు. "కొత్తది ఆ పాత డబ్బాల మీద నడవదు. పాతదే ఏసుకో."

"పాతది వేస్తే మళ్ళీ నెలకే పడుకుంటాయి. హార్డ్ డిస్కులే లేవురా సగం వాటికి."

"అయితే లైనక్స్ ఉంది, విండోస్‌కి బదులు ఏసుకోడానికి. సర్వరు పద్ధతి. ఒక మంచి కంప్యూటరు ఉంటే సాలు, మిగతావాటికి డిస్కే అక్కర్లేదు. అన్నీ దాన్నుంచే తెచ్చుకుంటాయి. వైరస్సుల గోల కూడా ఉండదు. కానీ అది నీ వల్ల కాదులే అక్కా. మా సెంటర్లో ఉన్న ఇంజనీర్లే తల బాదుకుంటన్నారు."

అదిగో, ఆ మాట అనకుండా ఉంటే నేను ఏం చేసేదాన్నో తెలీదు. నా వల్ల కాదు అన్నాక ఇక నాకు వేరే దారి లేదు. కంప్యూటర్ పత్రికతో ఉచితంగా ఇచ్చిన లైనక్స్ సీడీలు, దానితో పాటు అరిగిపోయిన ఒక పుస్తకం మా తమ్ముడు బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపించాడు.

పుస్తకంలో ఉన్నదాన్ని నేను అర్థం చేసుకున్నది ఇలా: హాస్టల్లో ఒక్క చోట అన్నం వండుతాం, పిల్లలందరూ కంచాలు పట్టుకుని వస్తారు. సర్వరు ఆ వంటగది. మిగతా పాత కంప్యూటర్లు కంచాలు. వాటికి టెర్మినళ్ళు అని పేరు. కంచం సొట్ట పడితే ఏమీ కాదు, వంటగది బాగుండాలి. మరి బాగున్న కంప్యూటరు ఒకటే ఉంది, అది హెడ్‌మిస్ట్రెస్ బల్ల మీద ఉంది.

"నా ఉత్తరాలు ఎందులో కొట్టుకోను?" అందావిడ.

"మీకూ ఒక టెర్మినల్ పెడతాను మేడమ్. ఇదివరకటి కంటే బాగా నడుస్తుంది."

"నడవకపోతే?"

"నడుస్తుంది."

ఆవిడ బల్ల మీంచి పూల గ్లాసు తీసి పక్కన పెట్టి, తీసుకుపొమ్మంది. ఆ తర్వాత కంప్యూటర్ల గదికి దుమ్ము రాకుండా తన పాత చీర చింపి కిటికీలకి పరదాలు కుట్టింది కూడా ఆవిడే.

పొద్దున్న పూట మా దగ్గర కరెంటు కాస్త నిలకడగా ఉండేది. అందుకని ప్రార్థన గంట కొట్టకముందే పని పెట్టుకున్నాను. లైనక్స్ ఎక్కించడం మొదలుపెట్టగానే అది అడిగిన మొదటి ప్రశ్నే, డిస్కులో ఉన్నదంతా చెరిపెయ్యమంటావా అని. అవును అని కొట్టాను. ఇక ఆ తర్వాత ఎక్కడా వెనక్కి చూడలేదు. మొదటిసారి సగంలో కరెంటు పోయింది. రెండోసారి సీడీ మీద గీత ఉందని ఆగిపోయింది. దాన్ని నా పైట చెంగుతో తుడిచి, నోటికొచ్చినట్టు తిట్టి, మళ్ళీ పెట్టాను. మూడోసారి ఎక్కింది.

టెర్మినళ్ళు ఇంకా ఏడిపించాయి. ఒక్కోదానికి ఒక ఫ్లాపీ కావాలి, లేవగానే సర్వరు ఎక్కడుందో వెతుక్కోవడానికి. వానాకాలం ఫ్లాపీలకి బూజు పట్టింది. మంచివి ఏరుకోవడమే ఒక పని. అన్నింటికీ ఒకే రకం ఫ్లాపీ చేసి పెడితే సగం లేచాయి, సగం నిద్ర లేవలేదు. ఎందుకో అర్థం కాక జుట్టు పీక్కున్నాను. చివరికి డబ్బాలు విప్పి టార్చిలైటు వేసి చూస్తే, లోపల నెట్‌వర్క్ కార్డులు రెండు రకాలున్నాయి. ఒక రకానికి చేసిన ఫ్లాపీ రెండో రకానికి పనికిరాదు. ఆ చిన్న అక్షరాలు చదివి మా తమ్ముడికి ఫోన్లో చెప్తే, వాడు ఆ రకానికి సరిపడే ఫ్లాపీలు చేసి మళ్ళీ బస్సులో పంపాడు. ఈసారి వాడి గొంతులో ఆ వెటకారం లేదు. "ఏటక్కా, నిజంగానే ఎక్కించేసేవా?" అన్నాడు. నాకు కడుపు నిండినట్టయింది.

కిటికీ పక్కన ఉన్న పాత మానిటరు నల్లగా కాసేపు ఆలోచించుకుని, నీలంగా వెలిగి, మీ పేరేమిటి అని అడిగిన ఆ పొద్దున్న నేను గట్టిగా అరిచాను. వంటావిడ గరిటెతో పరిగెత్తుకొచ్చింది, పాము వచ్చిందనుకుని.

సర్వరుని చూసుకోవడానికి అడ్మిన్ పేజీ ఒకటి కూడా ఎక్కించాను. దాన్ని బ్రౌజర్లో తెరిచి, హెడ్‌మిస్ట్రెస్ గదిలోని టెర్మినల్ ముందు కూర్చునే కొత్త పేర్లు చేర్చొచ్చు, మరిచిపోయిన పాస్‌వర్డ్ మార్చొచ్చు, సర్వరుని క్షేమంగా పడుకోబెట్టొచ్చు. నాకు అది మహా ఇష్టమైపోయింది. ప్రతి పిల్లకీ ఒక పేరు చేర్చాను. పాస్‌వర్డ్ ఎవరికి వాళ్ళే పెట్టుకోవాలన్నాను. నా పద్ధతిలో ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను.

"ఈ మాట మీ ప్రాణం పోయినా ఎవరికీ చెప్పకూడదు. పక్కన కూర్చున్నదానికి కూడా! మరిచిపోయామని నా దగ్గరికొస్తే వీపు పగులుద్ది, తెలిసిందా?"

అందరూ తలలూపారు. కొన్నాళ్ళు అంతా హాయిగా నడిచింది. కాఫీ తోటల్లో పళ్ళు ఎర్రబడే రోజులవి. పిల్లలు బొమ్మలు వేసుకునేవాళ్ళు, ఇంగ్లీషు అక్షరాలతో తెలుగు కొట్టుకుని ఒకరిది ఒకరు చదివి నవ్వుకునేవాళ్ళు. ఇక ఆఫీసరు వ్యాను కాదు కదా, రైలు తెచ్చుకున్నా నాకు భయం లేదనుకున్నాను.

అప్పుడు మొదలయ్యాయి వింతలు. బ్రౌజరు తెరిస్తే, నేను ఇప్పటికే నడుస్తున్నాను పొమ్మనేది. ఒకత్తి తన తెర మీద పూల బొమ్మ పెట్టుకుంటే గదిలో అన్ని తెరల మీదా పూలే పూసేవి. ఒక పిల్ల పొద్దున్న రాసిన వ్యాసం సాయంత్రానికి మాయం, ఆ చోట ఇంకెవరిదో లెక్కలు ఉండేవి. ఉత్తరం తెరిస్తే చదవనిస్తుంది, దిద్దనివ్వదు. సర్వరుకి దయ్యం పట్టిందని పిల్లలు గుసగుసలు పోయారు. నాకు తెలిసి సర్వరు తప్పే. తప్పు ఎక్కడుందో దొరక్క తీగలు మార్చాను, అన్నింటినీ కలిపే హబ్బు మార్చాను. మా తమ్ముడు మెమరీ చాలడం లేదేమో అన్నాడు. ఆఖరికి పళ్ళు బిగబట్టి, మొత్తం లైనక్స్ తీసేసి మొదటి నుంచి మళ్ళీ ఎక్కించాను, అవే పేర్లు, అవే పాస్‌వర్డులు, అవే ఫైళ్ళు వెనక్కి తెచ్చి పెట్టి. మర్నాడు మళ్ళీ అన్ని తెరల మీదా పూలే.

ఈలోపు ఆఫీసరు నుంచి కబురు వచ్చింది, ఈ వారంలోనే ఏదో ఒక రోజు వస్తున్నానని. నా పై ప్రాణాలు పైనే పోయాయి.

ఆ మధ్యాహ్నం హెడ్‌మిస్ట్రెస్ గదిలో కూర్చుని, అడ్మిన్ పేజీలో అప్పటిదాకా నేను పట్టించుకోని ఒక చోట నొక్కాను. ఇప్పుడు లోపల ఎవరెవరున్నారో చూపించే చోటు అది. పిల్లలు గది నిండా ఉన్నారు, వాళ్ళ గొంతులు వినబడుతున్నాయి. పేజీలో మాత్రం పై నుంచి కింది దాకా ఒకటే పేరు. క్లాసు లీడరు పేరు. అన్ని టెర్మినళ్ళ మీదా అదే పిల్ల కూర్చుని ఉంది!

సర్వరుకి దయ్యమూ పట్టలేదు, భూతమూ పట్టలేదు. అందరూ ఒకే పేరుతో దూరితే అది మాత్రం ఏం చేస్తుంది? అది అందరినీ ఒకే మనిషి అనుకుంది. నేను లేచి వెళ్ళిన ఊపుకి కుర్చీ పడిపోయింది.

"ఎవరే మీకు ఈ తెలివి చెప్పింది?" అని ఆ గది గుమ్మంలో నిలబడి అరిచాను. "ఒక్కొక్కదానికీ ఒక్కో పేరు ఇచ్చాను కదా! దాని పాస్‌వర్డ్ మీకెలా తెలిసింది? ప్రాణం పోయినా చెప్పొద్దన్నానా లేదా?"

అందరూ కీబోర్డుల వైపు చూస్తున్నారు. లీడరు లేచి నిలబడింది. కిటికీ దగ్గర కూర్చున్న చిన్నపిల్ల అప్పటికే ఏడుపు మొదలెట్టింది. ఆ ఏడే చేరింది అది, ఒడిశా వైపు కొండ మీది ఊరు నుంచి. ఇంట్లో తెలుగు మాట్లాడరు, కువి మాట్లాడతారు. తెలుగే దానికి కొత్త, ఇక ఇంగ్లీషు అక్షరాలంటే చెప్పాలా.

"దాని మాట మరిసిపోనాది టీచరమ్మా," అంది లీడరు. "వీపు పగులుద్దన్నారని మీకు సెప్పలేదు. బయట నిలబడి ఏడ్సింది. అందికని నా మాట సెప్పేను."

"సరే, దానికి చెప్పావు. మిగతావాళ్ళందరికీ ఏం రోగం? వాళ్ళ పేర్లు వాళ్ళకున్నాయి కదా?"

లీడరు నా వైపు విచిత్రంగా చూసింది, ఇంత చిన్న సంగతి తెలీదేటి ఈవిడకి అన్నట్టు.

"దాని పేరు దానికి లేకుండా మా పేరు మాకెలాగ టీచరమ్మా? కొత్త తినీటప్పుడు అలాగెవరైనా తింటారేటి?"

మా ఇల్లు చర్చికి వెళ్ళే ఇల్లు. అయినా ఊళ్ళో కందికొత్త పండగ అయ్యేదాకా మా అమ్మ కొత్త కందిపప్పు పొయ్యి మీద పెట్టేది కాదు. ఊరంతా ఒకే రోజు తినాలి. అంతకు ముందు ఏ ఇంట్లోనూ ఒక్క గింజ నోట్లో వెయ్యరు. ఒక ఇంట్లో జ్వరమొచ్చి మనిషి లేవలేకపోతే ఊరు ఆగుతుంది. చిన్నప్పుడు ఆకలేసి నేను మారాం చేస్తే, "పక్కింటోళ్ళు తినంది మనకెలా దిగుతాదే?" అనేది మా అమ్మ. నేను ఆ పప్పు తిని పెరిగినదాన్నే. పుస్తకం చదివి పుస్తకంలో ఉన్నట్టు పేర్లు పంచాను. ఈ పిల్లలు ఆ పేర్లని కొత్త పంటలా చూశారు, ఆఖరి మనిషికి అందేదాకా ముట్టకూడని దానిలా.

కోపం ఏమైపోయిందో తెలీదు. నవ్వొచ్చింది, ఏడుపూ వచ్చింది. ఆ చిన్నదాన్ని దగ్గరికి పిలిచి ముక్కు తుడిచాను. అడ్మిన్ పేజీలో దాని పాత పాస్‌వర్డ్ తీసేసి కొత్తది పెట్టుకోమన్నాను. నిమిషం పని. ఈ నిమిషం పని అడగడానికి అది భయపడిందని తెలియకనే నేను లైనక్స్ మొత్తం పీకి పాతర వేశాను.

అంతటితో తేలలేదు. ఎవరి పేరుతో వాళ్ళు వెళ్తే ఒకళ్ళు రాసింది ఇంకొకళ్ళకి కనపడదు కదా, అది మాకు బాగోదు అన్నారు పిల్లలు. ఇన్నాళ్ళూ ఒకే పేరు మీద అందరివీ అందరూ చదువుకున్నారు, ఆ రుచి మరిగారు. ఆలోచించాను. మా కొండల్లో కట్టెలు పోగేసి పైన ఒక రాయి పెట్టి వెళ్తే, ఆ మోపు ఎవరూ తియ్యరు. దారిన పోయేవాళ్ళందరికీ కనబడుతుంది, పెట్టినవాళ్ళే ఎత్తుకెళ్తారు. లైనక్స్‌లో అచ్చం అలాంటి ఏర్పాటు ఉందని పుస్తకంలో దొరికింది. ఒక ఉమ్మడి ఫోల్డరు చేశాను. అందులో అందరూ పెట్టొచ్చు, అందరూ చదవొచ్చు, ఎవరు పెట్టింది వాళ్ళే తీయగలరు. రాయి పెట్టిన మోపు అని చెప్తే ఒక్కసారికే అర్థమైంది. రేపు పొద్దున్న అందరూ ఎవరి పేరుతో వాళ్ళే వెళ్ళడానికి ఒప్పుకున్నారు.

ఆ రేపు పొద్దున్నే ఆఫీసరు దిగాడు. మంచులో ముందు జీపు లైట్లు కనిపించాయి, దాని వెనక వ్యాను. వ్యాను వెనక తలుపు తెరిచి ఉంది. లోపల మడత పెట్టిన కొత్త అట్టపెట్టెలు కట్టలు కట్టలుగా ఉన్నాయి. వాటిని చూడగానే భయం కన్నా ముందు ఒళ్ళు మండింది, అది నయమే అయింది.

పిల్లలు వరసగా కూర్చున్నారు. పేర్లు కొట్టారు, పాస్‌వర్డులు కొట్టారు. కొట్టి, చేతులు పైకెత్తి ఆగిపోయారు.

"ఏమైంది?" అన్నాడు ఆఫీసరు. "మొదలుపెట్టండమ్మా."

"అదింకా కొట్టలేదు సార్," అంది లీడరు, కిటికీ వైపు చూపించి.

చిన్నది చలికి బిగుసుకున్న వేళ్ళతో ఒక్కో అక్షరం వెతుక్కుంటోంది. దొరికితే నొక్కుతోంది, తప్పైతే చెరిపి మళ్ళీ మొదటికొస్తోంది. ఆఫీసరు వాచీ చూసుకున్నాడు. "మిగతావాళ్ళు కానివ్వండి," అన్నాడు. ఒక్కత్తీ కదల్లేదు. హెడ్‌మిస్ట్రెస్ నా చెయ్యి గిల్లింది. కానివ్వండే అని నేను ఒక్క మాట అంటే చాలు, నాకు భయపడైనా నొక్కేవాళ్ళు. ఆ మాట నోటి దాకా వచ్చింది. నేను అనలేదు. అనను గాక అనను అనుకుని కొంగు నడుముకి దోపి నిలబడ్డాను.

చిన్నది తలెత్తింది. "అయిపోనాది," అంది.

అందరూ కలిసి ఒక్కసారిగా ఎంటర్ నొక్కారు.

అన్ని తెరలూ నల్లబడ్డాయి. ఇదివరకు ఎప్పుడూ ఒకరొకరుగా వచ్చి కూర్చునేవాళ్ళు, సర్వరు తట్టుకునేది. ఇప్పుడు అందరూ ఒకే క్షణాన కంచాలు చాపారు. సర్వరు మీద ఎర్ర లైటు ఆరకుండా వెలిగింది. లోపల డిస్కు కరకరలాడుతోంది. నల్లటి తెరలు నల్లగానే ఉన్నాయి.

"ఇదే మేడమ్ నేను చెప్పేది," అన్నాడు ఆఫీసరు నెమ్మదిగా. "మీరు కష్టపడ్డారు, కాదనను." బయటికి వెళ్ళి డ్రైవరుతో ఏదో అన్నాడు. వరండాలో పెట్టెల కట్ట దించిన చప్పుడు, టేపు లాగిన చప్పుడు వినిపించాయి.

"ఆపి మళ్ళీ వెయ్యమ్మా," అని హెడ్‌మిస్ట్రెస్ నా చెవిలో అంది. "ఎప్పుడూ అలాగే చేసేవాళ్ళం కదా."

"వద్దు మేడమ్. ఎవరూ ఏమీ ముట్టుకోకండి!"

డిస్కు కరకరలాడుతోందంటే అది చావలేదు. అందరికీ ఒకేసారి చోటు సర్దలేక, కొందరిని డిస్కు మీదికి నెట్టి, మళ్ళీ లోపలికి లాక్కుంటూ అవస్థ పడుతోంది. ఆపేస్తే అందరూ బయటే. ఆపకపోతే ఎప్పటికో అందరికీ వడ్డిస్తుంది. పుస్తకంలో అలా ఉంది, నా మనసూ అలాగే చెప్పింది. సర్వరు ముందు నిలబడి, స్విచ్చుకి నా ఒళ్ళు అడ్డం పెట్టాను. టేపు చప్పుడు ఆగలేదు. నేనూ కదల్లేదు. ఆ సూక్ష్మదర్శిని మీద ఒట్టు, ఎవరైనా దగ్గరికొస్తే కరిచేదాన్ని.

మొదట లీడరు తెర వెలిగింది. అది చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. దాని పక్కది వెలిగింది. గోడ వైపువి వెలిగాయి. ఒక్కొక్కటీ వెలుగుతుంటే పిల్లలు అరవడం లేదు, లెక్కపెట్టుకుంటున్నారు, కిటికీ వైపు చూస్తున్నారు. అన్నిటికన్నా ఆఖర్న చిన్నదాని తెర వెలిగింది. దాని మీద దాని పేరే ఉంది.

అప్పుడు అరిచారు. ఆఫీసరు పరిగెత్తుకొచ్చాడు, ఆయన వెనక టేపు చుట్ట చేతికి తగిలించుకుని డ్రైవరు.

అరగంట పైగా ఆయన గదంతా తిరిగాడు. ఒక్కో పిల్ల వెనక ఆగి ఆగి చూశాడు. చిన్నది, మా ఊరికి బస్సు లేదు, నడిచే రావాల అని కొట్టి ఉమ్మడి ఫోల్డర్లో పెట్టింది. అందరూ దాన్ని తెరిచారు, గదిలో అన్ని తెరల మీదా అది కనిపించింది. "ఇదంతా ఎవరు చేశారు? కింద నుంచి ఎవరొచ్చారు?" అన్నాడు ఆఫీసరు. "కింద నుంచి ఎవరూ రాలేదు సార్," అన్నాను. ఆ మాట చెప్పడానికే పుట్టానేమో అనిపించింది నాకు.

మూలన ఎవరూ కూర్చోని టెర్మినల్ ఒకటి ఉంటే దాని ముందు ఆయన కూర్చున్నాడు. తెర పేరడిగింది. ఏదో కొట్టాడు. కాదంది. మళ్ళీ కొట్టాడు. కాదంది. పెద్ద ఆఫీసరు, అడగడానికి మొహమాటపడి, ఆ తెర వైపు చూస్తూ ఉండిపోయాడు.

చిన్నది లేచి వచ్చి నా కొంగు లాగింది.

"టీచరమ్మా, సారుకి పేరు లేదు," అంది. "ఆయనొక్కడూ బయటుండిపోనాడు."

పక్కింటోళ్ళు తినంది మనకెలా దిగుతాదే అన్న మా అమ్మ గొంతు అది. అడ్మిన్ పేజీ తెరిచి ఆయన పేరు చేర్చాను.

"పాస్‌వర్డ్ మీరే పెట్టుకోండి సార్. ఎవరికీ చెప్పకండి."

ఆయన కీబోర్డు మీద చెయ్యి పెట్టగానే పిల్లలందరూ మొహాలు గోడ వైపు తిప్పేసుకున్నారు. ఆయన ఎంటర్ నొక్కేదాకా ఒక్కత్తి కూడా తన పనిలోకి తిరగలేదు.

వ్యాను ఖాళీగా వెళ్ళలేదు. ఖాళీగా ఘాట్ దిగడమెందుకని డ్రైవరు సంతలో అల్లం బస్తాలు ఎక్కించుకున్నాడు. చోటు చాలక అట్టపెట్టెలు ఏం చెయ్యమంటారని మమ్మల్నే అడిగాడు. అన్నీ దించి వెళ్ళమన్నాను. చలికాలం కదా, వంటగదిలో పొయ్యికి పనికొచ్చాయి.